గడ్డి విత్తే ముందు హక్కు రాయించుకుందాం



రెండు మేకలో, ఒక బర్రెనో పెట్టుకున్న మన వాడోళ్లకు ఎండాకాలం వస్తే గడ్డే గండం. పొలం లేనోడికి గట్టెక్కడిది? ఆసామి గట్టు మీద నాలుగు పరకలు కోస్తే కొడవలి గుంజుకుంటారు, కులం పేరెత్తి తిడతారు. పిడికెడు గడ్డికి కూడా తల వంచాలా?

నేపియర్ వేసుకోమని సలహా ఇస్తారు. మంచి గడ్డే, కానీ దానికి నీటి తడులు కావాలి. అది బోరున్నోడి గడ్డి. మనకు కావలసింది వానతోనే బతికే అంజన్ గడ్డి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం లాంటి మెట్ట సీమకు సరిపోతుంది. పైన ఎండినా వేరు చావదు, తొలకరికి చిగురిస్తుంది. ఆ వేళ్లే మట్టి కొట్టుకుపోకుండా పట్టుకుంటాయి. ఝాన్సీలో 1962లో పెట్టిన పశుగ్రాస పరిశోధన సంస్థ బుందేల్ అంజన్ లాంటి మేలు రకాలు తీసింది.

ఈ గడ్డికో గుణముంది. చాలావరకు దీని గింజ మగ పోలిక కలవకుండా, అచ్చం తల్లి లాగే పుడుతుంది. కొత్త రకాలు పుట్టించాలనుకునే శాస్త్రవేత్తలకు అది చిక్కు, మనకు మేలు. కరువుకు నిలిచిన దుబ్బు చూసి, కంకులు చేత్తో దూసి దాచుకుంటే మన విత్తనం మనదే. ఏటా కొనే పని లేదు. కొత్త గింజ సరిగా మొలవదు, కొన్ని నెలలు నిలవ ఉంచాలి. నూగు గింజ కాబట్టి తడిమట్టితో కలిపి పైపైన చల్లాలి. మొదటి ఏడు మేపకుండా కోసి వేయాలి.

అసలు పేచీ ఇక్కడే. గడ్డి పేరుతో బీడుకు కంచె వేస్తారు. అప్పుడు బయట నిలబడేది ఎవరి మేకలు? అందుకే బీడంతా ఒకేసారి మూయనీయొద్దు. ఒక ముక్క మూస్తే మిగతాది మేతకు వదలాలి. కోసుకునే వంతుల్లో భూమిలేని ఆడవాళ్ల పేర్లు ముందుండాలి. ఇవన్నీ గ్రామసభలో తీర్మానంగా రాయించాకే గింజ చల్లాలి.

2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని రాష్ట్రాలను ఆదేశించింది. సర్కారు ఉత్తర్వుతో భూమిలేని కూలీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఇచ్చిన లీజుల వంటి వాటికి మినహాయింపు ఇవ్వొచ్చని కూడా అంది. బీడు దున్నుకున్న పెద్దల్ని వదిలి మన గుడిసె మీదికొస్తే ఆ తీర్పే చూపించి అడగండి.

1927లో మహద్ చెరువు దగ్గరికి బాబాసాహెబ్ నడిచింది ఉమ్మడి నీటి మీద హక్కు కోసం. ఉమ్మడి గడ్డి మీద హక్కూ అట్లాంటిదే. వానలు రాకముందే వాడలో కూర్చోండి, బీడు సర్వే నెంబరు కనుక్కోండి, తీర్మానం రాయండి.

జై భీమ్!