మూయడం ఒక్కటే చాలదు

పైథాన్‌లో ఫైలును 'డబ్ల్యు' మోడ్‌లో తెరిచిన క్షణంలోనే, కొత్తగా ఒక్క అక్షరం రాయకముందే, అందులోని పాత సమాచారమంతా చెరిగిపోతుంది. పాఠం చెప్పేవాళ్లు చాలామంది ఈ సంగతి దాటేసి, 'విత్' వాడితే ఫైలు దానంతటదే మూసుకుంటుందని చెప్పి ముగిస్తారు. నిజమే, 2006లో పైథాన్ 2.5తో వచ్చిన ఆ సదుపాయం మధ్యలో ఎర్రర్ వచ్చినా ఫైలును మూసే బయటికొస్తుంది. కానీ పావగడ తాలూకా అరసికెరెలో వేరుశనగ కొనుగోళ్ల పద్దును కంప్యూటర్‌కెక్కించే కుర్రాడికి అది చాలదని నా గట్టి నమ్మకం. అదే తాలూకాలో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉండవచ్చు గాక, యూపీఎస్ లేని కంప్యూటర్‌కు కరెంటు ఏ నిమిషంలోనైనా పోవచ్చు. పోయిందా, 'విత్'కు మూసే వ్యవధే ఉండదు: పాత పద్దు తెరిచినప్పుడే పోయింది, కొత్తది ఇంకా బఫర్‌లోనే ఉంది. అసలు సక్రమంగా మూసిన ఫైలు కూడా డిస్కుకు చేరిందన్న హామీ లేదు; పైథాన్ దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగిస్తుంది, అంతవరకే. అందుకే ముందుగా నేర్పాల్సింది వేరే ఉందంటాను. అదే ఫోల్డర్‌లో తాత్కాలిక ఫైలు తెరిచి రాయాలి, ఫ్లష్ చేసి 'ఎఫ్‌సింక్'తో డిస్కుకు చేర్చాలి, మూసేశాకే 'ఓఎస్.రీప్లేస్'తో పాతదాని స్థానంలో పెట్టాలి. అప్పుడు కరెంటు ఎక్కడ పోయినా పాత పద్దో కొత్త పద్దో ఒకటి నిండుగా మిగులుతుంది. నాలుగు వరుసలు ఎక్కువవుతాయని విసుక్కునేవాళ్లుంటారు. రైతుకు చెల్లించాల్సిన బాకీ ఆ ఫైలులో తప్ప మరెక్కడా లేనప్పుడు, ఆ నాలుగు వరుసలు లేని ప్రోగ్రామును నేను ఎవరి చేతికీ ఇవ్వను.