ఫిలే గుడిగోడ, మా ఇంటి పాప

ఏడు నెలలుగా ఈజిప్టు ముచ్చట్లు రాయలేదు. అవ్వకు ఒంట్లో బాగాలేక జవళగిరిలోనే ఉండిపోయినాను. "పిరమిడ్లను మరిచిపోయినావా అన్నా?" అని అడిగినవాళ్లకు ఇదే జవాబు.

మొన్న అన్న కూతురికి నా పాత వ్యాసం ఒకటి ఇచ్చినాను. గలగలా తెలుగు మాట్లాడే బిడ్డ, అక్షరాలు చూసి "చిన్నాయనా, నువ్వే చదువు" అనింది. 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయినాక, తెలుగు అక్షరం ఇంటిపని అయిపోయింది. ఆ పని మేం చేయలేదు.

ఈజిప్టులో ఫిలే గుడిగోడ మీద ఉన్న క్రీ.శ. 394 నాటి శాసనమే మనకు తెలిసిన చివరి చిత్రలిపి రాత. మళ్లీ 1822లో షాంపోలియన్ గుట్టు విప్పేదాకా ఆ గోడలు మూగవే. ఆయనకు రోసెట్టా రాయి ఒక్కటే చాలలేదు. ఈజిప్టు క్రైస్తవుల ప్రార్థనల్లో మిగిలిన కోప్టిక్ కూడా కావాల్సి వచ్చింది. అది ఆ పాత భాషకు వారసురాలే. పాత లిపి పోయినా మాట నిలిచింది కాబట్టి దారి దొరికింది. పధ్నాలుగు వందల ఏళ్ల తర్వాత!

"పిల్లోళ్లు చదవాలంటే తమిళంలో రాయి" అన్నాడొక మిత్రుడు. తమిళం మీద నాకేం కోపం లేదు, రోజూ చదివేదే. అయినా ఇవి తెలుగులోనే రాస్తాను.

ఆదివారం నుంచి మొదలు. ముందు పాప పేరు, రాజుల పేర్లకు గీసినట్టు చుట్టూ గుండ్రంగా గీత గీసి, చిత్రలిపిలో. కింద తెలుగులో. బొమ్మలంటే దానికి ప్రాణం.