గృహిణీ కర్తవ్యము: కొండసీమలో కాగితముల రక్షణ



కందులకు పురుగు పట్టకుండ నేమి చేయవలయునో, పట్టుచీర నెట్లు మడవవలయునో, ఊరగాయజాడీ కెట్లు వాసెన గట్టవలయునో మనకొకరు చెప్పనక్కర లేదు. ఇవి తల్లివలన బిడ్డకు వచ్చు విద్యలు. కాని పెట్టె యడుగున నున్న కాగితములను గూర్చి మనము తలంచుట యరుదు. అవి మగవారి వ్యవహారమని యూరకుందుము. ఏ యధికారియో వచ్చి చూపుమనిననాడు విప్పి చూచినచో మడతలు తెగియో, ముద్రలు చెదరియో, చెదలు తినియో కనబడును. అప్పుడు విచారించి ప్రయోజనము లేదు. కావున నీ మాసము కాగితమును కాపాడు విధమును గూర్చి వ్రాయదలచితిమి. ఈ విద్య యెక్కడ నెక్కువ యవసరమో యా సీమను, అనగా తూర్పుకనుమలలోని అరకులోయను, దాని చుట్టునుగల కొండగ్రామములను దృష్టియందుంచుకొని వ్రాయుచున్నాము. పల్లపు సీమలోని సోదరీమణులకును ఇందు పనికివచ్చునది లేకపోదు.

ఆ కొండలలో కాగితమున కంత విలువ యేల వచ్చినదో మొదట తెలిసికొందము. పల్లపు గ్రామములలో భూమి లెక్కలు తరతరములుగా కరణముల దస్త్రములలో నుండెడివి. కొండలలో నట్లు కాదు. పోడుచేసికొని బ్రదుకు కుటుంబమునకు తాతముత్తాతల వాడుకయే హక్కు, ఊరిపెద్దల జ్ఞాపకమే సాక్ష్యము. కాగితము చేతబట్టుకొని వచ్చిన పరాయివాని యెదుట నా జ్ఞాపకము నిలువలేక యెన్నియో భూములు చేతులు మారినవి. దానిని నివారించుటకై 1917లోనే మద్రాసు ప్రభుత్వ మొక చట్టము చేసినది. 1959 నాటి భూబదలాయింపు నిబంధన 1970లో సవరింపబడి మరింత గట్టిపడినది. 1997 జూలై 11వ తేదీన సుప్రీంకోర్టు సమతా కేసులో తీర్పు చెప్పుచు, షెడ్యూల్డు ప్రాంతమునందలి ప్రభుత్వ భూములను సైతము గిరిజనేతరులకు గనుల కొరకు కౌలు కీయరాదని నిర్ణయించినది. ఆ వ్యాజ్యము అనంతగిరి మండలములోని బొఱ్ఱా ప్రాంతపు గనులను గూర్చి పుట్టినదే.

వీని తరువాత వచ్చిన 2006 నాటి అటవీహక్కుల చట్టము మన కన్నిటికంటె ముఖ్యము. 2005 డిసెంబరు 13 నాటికి అడవిభూమిని సాగుచేసికొనుచున్న గిరిజన కుటుంబమునకు దీనివలన హక్కుపత్రము లభించును. ఆ భూమి నమ్మరాదు, ఇతరులకు బదలాయింపరాదు. బిడ్డలకు మాత్రము వారసత్వముగా వచ్చును. వివాహితులైనచో నా హక్కును భార్యాభర్త లిరువురి పేరను గలిపి నమోదు చేయవలయునని చట్టమే చెప్పుచున్నది. భర్త లేని గృహమున యజమానురాలి పేరనే యుండును. చూచితిరా! ఆ కాగితము మగవారి వ్యవహారము కాదు. దానిమీద నింటి యిల్లాలి పేరున్నది. హక్కును రుజువు చేయుటకు ఇంటిపన్ను రసీదు, రేషనుకార్డు, ఊరిపెద్దలు చెప్పగా వ్రాసికొన్న వాఙ్మూలము మొదలగునవియు సాక్ష్యముగా జెల్లును. కావున చిన్న చీటియైనను పారవేయదగినది కాదు.

ఇక నా కాగితమునకు శత్రువు లెవ్వరు? అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. జూను మొదలు అక్టోబరు వరకు వానలు, ఆ వెనుక చలికాలపు మంచు. ఇంటిలోని గాలి నెలలతరబడి చెమ్మగా నుండును. గాలిలో తేమ నూటికి 65 పాళ్లు దాటి కొన్నాళ్లు నిలిచెనా, కాగితమునకు బూజు పట్టుట కనువగును. మట్టిగోడకు జేరవేసిన పెట్టెలోనికి చెదలు సులభముగా వచ్చును. కాగితములోని గంజికై బొద్దింకలును, వెండివలె మెఱయుచు బరువెత్తు రెక్కలులేని పురుగులును వచ్చును. కొందఱు వీనికి వెఱచి కాగితమును పొయ్యిమీది అటుకపై నుంతురు. అచ్చట పొగకు పురుగు రాదన్నమాట నిజమే. మొక్కజొన్నపొత్తుల కది మంచిది. కాని యెడతెగని వేడికి కాగితము పెళుసెక్కి మడతల యొద్ద విఱుగును, మసి యక్షరములను గప్పివేయును.

కొన్ని కాగితములు తమలోని దోషముచేతనే చెడును. వార్తాపత్రికల చౌకకాగితము కలపను యంత్రమున నలిపి చేసినది గావున త్వరగా పసుపెక్కి పొడి యగును. ప్రాతకాలపు కొన్ని సిరాలు సైతము కాగితమును దినును. ఈ కొండలలోని గిరిజనస్త్రీలు కరక్కాయల నేరి గిరిజన సహకార సంస్థ కమ్ముట మన మెఱిగినదే. ఆ కరక్కాయ కషాయమును అన్నభేదితో గలిపి మన పెద్దలు సిరా చేసికొనెడివారు. అది నల్లగా నిలుచును గాని పాళ్లు తప్పినచో కొంతకాలమునకు అక్షరమున్నంత మేర కాగితమును గోధుమరంగుగా మార్చి తొలిచివేయును. దీపపుమసితో జేసిన సిరా కా దోషము లేదు.

పెద్ద గ్రంథాలయములలోను దస్త్రశాలలలోను కాగితముల బాగుచేయువారి మొదటి సూత్ర మొకటి కలదు. మేలు చేయలేకపోయినను కీడు చేయరాదు. చేసిన పనిని మరల నూడదీయుటకు వీలుండవలయును. ఈ సూత్రముతో జూచినచో మన యిండ్లలో ప్రేమతో జేయు పనులే కొన్ని హాని యని తెలియును.

మొదటిది, పట్టాను వేడియంత్రములో బెట్టించి ప్లాస్టిక్ పొర వేయించుట. దీనినే లామినేషను అందురు. ఆ పొరను మరల నూడదీయ బోయినచో కాగితము చిరుగును. దానిమీద ఏ యధికారియు మరియొక వ్రాత వ్రాయలేడు, ముద్ర వేయలేడు. ఒకప్పుడు పెద్ద దస్త్రశాలలే సెల్యులోజు అసిటేటు పొరలతో వేలకొలది పత్రముల నతికించి, కొన్ని యేండ్లకు ఆ పొరయే చెడి పత్రమును జెఱచుట చూచి యా పద్ధతిని మానుకొనవలసివచ్చినది. రెండవది, చిరుగునకు సెల్లోటేపు అంటించుట. కొన్ని యేండ్లకు టేపు రాలిపోవును గాని దాని జిగురు కాగితములో నింకి పసుపుమచ్చయై నిలుచును. మూడవది, బజారున నమ్ము దళసరి పి.వి.సి. కవరు. జిరాక్సు ప్రతిలోని నల్లని పొడి దాని కంటుకొని యూడివచ్చును. నాలుగవది, ఎండలో నారవేయుట. తేమ పోవుటతోపాటు సిరాయు వెలసిపోవును.

మరి చేయవలసిన దేమి? ముందుగా చేతులు కడిగి తుడుచుకొని, తేమలేని దినమున శుభ్రమైన బల్లమీద కాగితములను విప్పవలయును. మడతలను మెల్లగా సాపుచేసి, గుండుసూదులు, త్రుప్పుపట్టిన క్లిప్పులు తీసివేయవలయును. మెత్తని కుంచెతో నడుమనుండి యంచుల వైపునకు దుమ్ము దులుపవలయును. బూజు కనబడినచో ఆ కాగితమును వేఱుచేసి, నీడలో గాలికి బాగుగా నారనిచ్చి, ముక్కునకు గుడ్డ కట్టుకొని యింటి బయట దులుపవలయును; తడిగుడ్డతో తుడువరాదు. తరువాత పత్రమును మడవక సాపుగా మంచి తెల్లకాగితపు కవరులో నుంచి, ఉతికి యారవేసిన నూలుబట్టలో జుట్టి, మూతగల రేకుపెట్టెలో బెట్టవలయును. పెట్టెను నేలమీద గాక యెత్తుపీటపై, గోడకు జానెడు దూరమున నుంచవలయును. పాలియెస్టరు పలుచరేకులు దొరికినచో రెంటి నడుమ పత్రమునుంచి అంచులను మాత్రము కుట్టుకొనవచ్చును. సూది పత్రమునకు దగులరాదు. ఇందు పత్రమున కేదియు నంటుకొనదు గావున లామినేషను దోషము లేదు.

పురుగులకు మన పెద్దల మందు నేటికిని మంచిదే. తంజావూరు సరస్వతీమహలు గ్రంథాలయమున మన తెలుగు తాళపత్రములు వందలకొలది కలవు. అచ్చట వస, లవంగములు, మిరియములు, దాల్చినచెక్క వంటి వానిని పొడిచేసి కర్పూరముతో మూటగట్టి గ్రంథముల నడుమ నుంచు వాడుక గలదు. వసకొమ్ము మన యిండ్లలో చంటిబిడ్డల కొరకు ఎట్లును ఉండును. పలుచని గుడ్డలో మూటగట్టి పెట్టె మూలలో నుంచుడు. ఆకులను గాని పొడిని గాని కాగితముల నడుమ జల్లకుడు, మచ్చ పడును. ఈ మూట పురుగును దూరముగా నుంచునే గాని శుభ్రతకు బదులు కాదు. నెల కొకసారి పెట్టె తెఱచి చూచుటను మించిన మందు లేదు.

చిరిగిన పుస్తకములను అతికించుటకు కావలసిన జిగురు మన వంటయింటిలోనే యున్నది. గోధుమహల్వా చేయువారికి గోధుమపాలు తీయుట తెలియును. మైదాపిండిని ముద్దచేసి నీటిలో పిసికినచో సాగెడి భాగము చేతిలో నిలిచి, పాలు నీటిలో దిగును. ఆ పాలను రాత్రియంతయు కదల్పక యుంచి, పైతేట వంచివేసినచో అడుగున తెల్లని గంజిపిండి మిగులును. మరి రెండు మూడుసార్లు నీరు మార్చి యారబెట్టుకొనవలయును. ప్రపంచమునందలి పెద్ద దస్త్రశాలలు నేటికిని వాడు జిగురు దాదాపిదియే. ఒకపాలు పిండికి ఐదుపాళ్లు నీరు పోసి, సన్నని సెగపై అరగంట సేపు కలియబెట్టుచు నుడికించి, చల్లారిన పిదప గుడ్డలో వడియగట్టి, పలుచని పెరుగువలె చేసికొనవలయును. వెనుకటి కార్యాలయములలో పురుగు పట్టకుండ మైలుతుత్తము కలిపెడివారు. అది విషము, మన యింటిలో వలదు. మూడు నాలుగు దినములలో వాడుకొని, పులిసిన వాసన వచ్చినచో పారవేయుడు.

అతుకునకు జపాను పలుచకాగితము శ్రేష్ఠము. మల్బరీ జాతి చెట్టు నారతో జేయబడుటచే అది గాలి కెగురునంత పలుచనయ్యు గట్టిగా నుండును. దానిని కత్తిరింపక, తడికుంచెతో గీతగీచి చించినచో అంచున నారలు మిగిలి చక్కగా నతుకుకొనును. అర్ధాంగుళపు పట్టీకి జిగురు పలుచగా రాచి, చిరుగు వెనుకవైపున నంటించి, పైని క్రింద అంటుకొనని పాలియెస్టరు గుడ్డ, దానిపై అద్దుడుకాగితము నుంచి, బరువు పెట్టి మఱునాటివరకు నుంచవలయును. మొదట పనికిరాని ప్రాతపుస్తకముపై అభ్యసింపుడు. అక్షరము చివర నొక నీటిబొట్టు నుంచి అద్దిచూచి, రంగు దిగెనా, ఆ కాగితము జోలికి పోకుడు. పట్టాలపై నుండు రబ్బరుముద్రయు కలము సంతకమును తడికి చెదరునవి. కావున పట్టా చిరిగినను మీరతికింపబోక కవరులో భద్రముగా నుంచి, కార్యాలయమున ధ్రువీకరించిన నకలును పొందుడు. చేతిఫోనుతో ఛాయాచిత్రము తీసి, ఆ నకలును మరియొక యూరిలోని బంధువు నింట నుంచుట మంచిది.

తుపాను వచ్చి పెట్టె తడిసినచో నేమి చేయవలయును? 2014 అక్టోబరు 12న విశాఖపట్టణము నొద్ద తీరము దాటిన హుద్‌హుద్ తుపాను ఈ కొండలలోని కాఫీతోటల నీడచెట్లను సైతము కూల్చినది. అట్టి వేళ బూజు రెండు దినములలో మొదలగును గావున ఆలస్యము పనికిరాదు. తడిసిన కాగితములను బలవంతముగా విడదీయక, వీలైనన్ని విడివిడిగా గుడ్డపై బఱచి, నీడలో, గాలి యాడుచోట నారవేసి, అద్దుడుకాగితములను మార్చుచుండవలయును. 1966 నవంబరు 4న ఇటలీ దేశమునందలి ఫ్లోరెన్సు నగరమున నది పొంగి, అచ్చటి జాతీయ గ్రంథాలయమున పదిలక్షలకు పైగా గ్రంథములును పత్రములును బురదపాలైనవి. దేశదేశముల యువతీయువకులు వచ్చి, వరుసగా నిలిచి చేతినుండి చేతికి గ్రంథముల నందించి రక్షించిరి. నేటి గ్రంథరక్షణశాస్త్ర మంతగా పెరుగుట కా బురదలోని పనియే గొప్ప కారణమని చెప్పుదురు.

ఈ విద్యను వృత్తిగా నేర్వగోరు బాలికలకు మార్గము గలదు. 1891లో కలకత్తాలో స్థాపింపబడి తరువాత ఢిల్లీకి జేరిన జాతీయ దస్త్రశాల తన శిక్షణాలయమున పత్రముల రక్షణను, మరమ్మతును గూర్చి కొలదికాలపు తరగతులు నడుపుచు వచ్చినది. అంతదూరము పోలేనివారు ఏజెన్సీలోని ఆశ్రమపాఠశాలల గ్రంథాలయములందే పని ప్రారంభింపవచ్చును. బాలికలు వారమున కొకగంట చిరిగిన పాఠ్యపుస్తకముల నతికించినచో చేతికి పని వచ్చును, పుస్తకములు మఱునాటివారికి మిగులును. ఆ బాలికయే యింటికి బోయి తల్లి పెట్టెను సర్దగలదు. అక్షరము రాని తల్లికి ఏ కాగిత మేదియో చదివి చెప్పగలదు.

వానలు వెలిసి మంచు విడిపోవు సంక్రాంతి తరువాతి దినములు ఈ పనికి తగినవి. ఆ దినములలో నొక మధ్యాహ్నము పెట్టె తెఱచి, ఏ కాగితమున నెవరి పేరున్నదో చదివించుకొని, ఒక పుస్తకమున పట్టిక వ్రాసికొనుడు. పట్టా యెక్కడ నున్నదో, నకలెక్కడ నున్నదో పెద్దకూతురికి చెప్పియుంచుడు. భూమి నమ్ముటకు వీలులేదని చట్టము చెప్పినది. దానిని చెదల కప్పగింపకుండుట మాత్రము మన చేతిలో నున్నది.