నాసిక్ దారిలో రెండు యాత్రలు

నాసిక్‌కు ఎగువన, గోదావరిపై గల గంగాపూర్ జలాశయం చెంత, నేడు ద్రాక్షతోటలూ వైన్ కర్మాగారాలూ విందుశాలలూ వెలశాయి. శని, ఆదివారాలలో ముంబయి కార్లు అక్కడ బారులు తీరతాయి. వైన్ రుచి చూసి, భోంచేసి, కొండలను తిలకించి మరలడం కలిగినవారికి ఒక వినోదయాత్ర. ఇందులో తప్పేమున్నదని ఢిల్లీ మిత్రులొకరు నన్ను నిలదీశారు. తాగేవారి అభిరుచితో నాకు పేచీ లేదు. ప్రభుత్వం చెప్పే సాకుతోనే పేచీ. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం వైన్‌కు ఎక్సైజు సుంకం మినహాయించినా, 2022లో సూపర్‌మార్కెట్లలో దాని అమ్మకానికి మంత్రివర్గం ఆమోదించినా (నిరసనలు రేగి అది అమలుకు రాలేదనుకోండి), పేరు రైతుదే.

ఏ రైతు? ఆ ప్రాంతపు ద్రాక్షతోటలకు కూలికి వచ్చేవారిలో ఎందరో సుర్గాణా, పేఠ్ తాలూకాల ఆదివాసులు. సొంత ఊళ్లలో తాము సేద్యం చేసుకునే అటవీ భూములకు వారిలో చాలామందికి పట్టాలు లేవు. వాటి కోసం, రుణమాఫీ కోసం 2018 మార్చిలో వేలాదిమంది నాసిక్ నుంచి ముంబయికి సుమారు 180 కిలోమీటర్లు నడిచారు. కార్లు వచ్చే రహదారే అది. సుంకం మినహాయింపు కోరుతూ ఆ దారిన కాలినడకన వెళ్లినవారున్నట్టు నేను వినలేదు. రైతులు మాత్రం లిఖితపూర్వక హామీ పుచ్చుకొని మరలారు. 2019లో ఒకసారి, 2023లో మరొకసారి, ఆ కోర్కెలతోనే తిరిగి బయలుదేరవలసి వచ్చింది.