చెవి డాక్టరు పక్కన ఇంకో మనిషి కావాలి
ఎంబీబీఎస్ సీటు రాని బైపీసీ పిల్లలకు వినికిడి లోపాలు చూసే ఆడియాలజీ సంగతి ఎవరూ చెప్పరు. దానికి ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ల బీఏఎస్ఎల్‌పీ కోర్సు ఉంది. సికింద్రాబాద్‌లోనే వినికిడి, మాట లోపాలపై పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. పుట్టుచెవుడు ఉన్న బిడ్డకు ఆపరేషన్ చేసి చెవి లోపల కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టగానే మాటలు రావు. అందులోని ఒక్కో ఎలక్ట్రోడ్‌కు ఎంత కరెంటు వెళ్లాలో, బిడ్డ ఉలిక్కిపడుతుందా, తల తిప్పుతుందా అని చూస్తూ సరిచేసేది ఆడియాలజిస్టే. ఆపైన నెలల తరబడి మాటల శిక్షణ. ఆపరేషన్‌కు ప్రభుత్వం లక్షలు ఇచ్చినా, ఈ పని తెలిసినవాళ్లు జిల్లాలో లేకపోతే తల్లి కూలి మానుకుని, బిడ్డనెత్తుకుని నగరానికి బస్సెక్కాలి. ఎన్నాళ్లని తిరుగుతుంది? చెవి మిషన్లు అమ్మే దుకాణంలో కొలువు తేలిగ్గా దొరకొచ్చు. ఓపికున్న పిల్లల్ని నేను మాత్రం జిల్లా ఆసుపత్రికే వెళ్లమంటాను. ముందు అక్కడ పోస్టులు వెయ్యాలి.