పాత ఇల్లు ఇచ్చే ముందు



మన సంఘంలో పెరిగిన ఒక చెల్లెలు పెళ్లయ్యాక భర్తతో పట్నం వెళ్లింది. దబీర్‌పురాలో ఒక పాత ఇంటి వెనుక గదుల్లో అద్దెకు ఉంటోంది. మొన్న ఫోన్ చేసి, “అయ్యగారూ, ఇంటిని డెవలప్‌మెంట్‌కు ఇస్తున్నారట. నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నారు. పిల్లల చదువు మధ్యలో ఉంది” అంది. పట్నంలో నాకూ వేరే పని ఉండటంతో ఎమ్‌ఎమ్‌టీఎస్ రైలెక్కి దబీర్‌పురా స్టేషన్‌లో దిగాను.

పాత హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు ప్రహరీ, దానికి 13 దర్వాజాలు ఉండేవి. గోడ పోయింది. దర్వాజాల్లో దబీర్‌పురాదీ, పురానాపూల్‌దీ రెండే మిగిలాయి. ఆ దర్వాజాకు కొంచెం దూరంలోనే ఆ ఇల్లు.

ఇంటివారు ముస్లింలు. మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. పెద్దన్న లెక్క చెప్పాడు. స్థలం 200 గజాలు. బిల్డర్ తన ఖర్చుతో నాలుగు అంతస్తులు కడతాడు. రెండు అతనివి, రెండు ఇంటివారివి. అన్నదమ్ములు ఇద్దరు, ఒక్కొక్కరికి ఒక ఫ్లాటు. లెక్క సరిగ్గా సరిపోయింది.

తలుపు పక్కన మంచం మీద కూర్చున్న వాళ్ల అమ్మ అంతా వింటోంది. భర్త పోయి పుట్టింటికి వచ్చిన కూతురు ఆమె పక్కనే ఉంది. ఆ పెద్దావిడ నెమ్మదిగా అడిగింది, “అందులో నా గది ఎన్నో అంతస్తులో?” పెద్దన్న, “మా దగ్గరే ఉంటావు కదమ్మా” అన్నాడు. ఆమె ఇంకేమీ అనలేదు. కానీ తన ఇంట్లో ఉండటం వేరు, కొడుకుల ఇంట్లో వంతుకు ఉండటం వేరు. సరిపోయిన ఆ లెక్కలో తల్లి లేదు, చెల్లెలు లేదు, వెనుక గదుల్లోని మన కుటుంబం అసలే లేదు.

ఆ అన్నదమ్ములు చెడ్డవాళ్లు కారు. పాత ఇల్లు ఇచ్చి కొత్తది తీసుకోవడం పాపమూ కాదు. వానాకాలం వస్తే పాత గోడలు ఎంత భయపెడతాయో అక్కడివారికి తెలుసు. 2020 అక్టోబరు వానల్లో బండ్లగూడలో గోడ కూలి పక్కిళ్ల మీద పడి ఎన్ని ప్రాణాలు పోయాయో మనం విన్నాం. కురిసే కప్పు కింద ముసలితల్లిని ఉంచడం భక్తి అనిపించుకోదు. కానీ ఇల్లు మార్చేటప్పుడు గజాలూ అడుగులూ మాత్రమే కొలిచి, మనుషులను కొలవడం మరిచిపోతే ఆ మార్పిడి న్యాయమైనది కాదని నా అభిప్రాయం.

1 రాజులు 21లో ఆహాబు నాబోతును అడిగింది కూడా ఇలాంటి మార్పిడే. నీ ద్రాక్షతోట ఇవ్వు, ఇంతకంటే మంచిది ఇస్తాను, లేదా దాని వెల ఇస్తాను అన్నాడు. వెలలో మోసం లేదు. కానీ నాబోతు దాన్ని తన ఒక్కడి ఆస్తిగా చూడలేదు. పితరుల నుంచి వచ్చిన స్వాస్థ్యంగా చూశాడు. ముందున్నవారికీ రాబోయేవారికీ అందులో పాలుందని ఎరిగి వద్దన్నాడు. ఆ “వద్దు” వినలేకపోవడం దగ్గరే ఆహాబు పతనం మొదలైంది. మన ఇళ్లలో “వద్దు” అనే ధైర్యం లేని నోళ్లు ఎన్నో! వాటిని అడిగి వినవలసింది మనమే.

ఆడబిడ్డ వాటా మన దయ కాదు, హక్కు. ముస్లిం ధర్మశాస్త్రంలో కూతురికి కొడుకు వాటాలో సగం ఉంది, భార్యకూ భాగముంది. మనకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా తండ్రి చనిపోతే తల్లికి మూడో వంతు. మిగిలినది కొడుకులకూ కూతుళ్లకూ సమానం. హిందూ కుటుంబాల్లో కూతురికి సమాన హక్కును 2005 సవరణ దేశమంతటా ఇచ్చింది. ఏ చట్టమూ ఆమెను సున్నా చేయలేదు. ఇంటి పెద్దల లెక్కే చేస్తోంది.

ఇక కాగితం సంగతి. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు మించని స్థలానికి, అలాగే ఎనిమిది ఫ్లాట్లు మించని కట్టడానికి రెరా రిజిస్ట్రేషన్ అక్కరలేదని 2016 చట్టం చెబుతోంది. ఆ ఇల్లు అలాంటిదే. కాబట్టి అగ్రిమెంటులో రాసుకున్నదే వారికి ముఖ్యమైన రక్షణ. ఏ అంతస్తు, ఎన్ని అడుగులు, భూమిలో ఎంత వాటా, ఎప్పటిలోగా, అప్పటిదాకా అద్దె ఎవరు కట్టాలి, ఆలస్యమైతే ఏమిటి అన్నీ రాయించాలి. తమ ఫ్లాట్లు చేతికి రాకముందే బిల్డర్ తన వాటా అంతా అమ్ముకునేలా జీపీఏ ఇవ్వకూడదు.

దేవుని మీద నమ్మకం ఉంటే ఇంత రాత ఎందుకని కొందరు అంటారు. యిర్మీయా అనాతోతులో పొలం కొన్నప్పుడు పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు, సాక్షులను పెట్టాడు, పత్రం రాసి ముద్ర వేశాడు. లేఖికుడైన బారూకు దాన్ని మట్టికుండలో భద్రం చేశాడు. దబీర్ అన్నా పార్సీ భాషలో లేఖకుడే. ఆ పేరున్న పేటలో తల్లి గది మాట రాతలో లేకపోవడం నన్ను బాధించింది.

నాకు తోచింది చెప్పి లేచాను. పెద్దన్న మౌనంగా విన్నాడు. మన చెల్లెలికి పిల్లల పరీక్షలయ్యేదాకా గడువు ఇచ్చాడు, అడ్వాన్సు పూర్తిగా తిరిగిస్తానన్నాడు. తల్లి గది సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

ప్రియులారా, ఇది పట్నం మాట అనుకోకండి. మన ఊళ్లలో పెంకుటిల్లు విప్పి స్లాబు వేస్తున్నాం. హాలు ఉంటుంది, టీవీకి గోడ ఉంటుంది, అమ్మ మంచం వరండాలోకి వస్తుంది. ఈసారి మేస్త్రి ముగ్గుపోసే రోజున అమ్మను చేయి పట్టుకొని ఆ గీతల మధ్యకు తీసుకెళ్లండి. “అమ్మా, నీ మంచం ఎక్కడ వేయమంటావు?” అని అడగండి. ఆమె చూపించిన చోట గోడ రావలసి ఉంటే, గోడనే జరపండి.