చూసొద్దాం రండి: ర్యాలి, ఆత్రేయపురం

పిల్లలూ! కోనసీమకు వస్తే ముందు ర్యాలి వెళ్ళండి. అక్కడి జగన్మోహినీ కేశవస్వామి విగ్రహమంతా ఒకే నల్లరాయి. ముందునుంచి చూస్తే విష్ణుమూర్తి. వెనుకనుంచి చూస్తే సిగముడి వేసుకున్న మోహిని! ఆమె సిగలోని పువ్వు రాలిన చోటు కాబట్టి ర్యాలి అయిందని స్థలపురాణం. ఎదురుగానే శివాలయం. ముందువైపు దణ్ణం పెట్టేసి బయటికి పరుగెత్తకండి సుమా!

దర్శనమయ్యాక ఆకలి వేస్తుందిగా? దగ్గరలోనే ఆత్రేయపురం, పూతరేకుల ఊరు. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించింది. బోర్లించిన కుండ కింద మంట పెడతారు. పలుచగా కలిపిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, కాలుతున్న కుండమీద ఒక్కసారి పరిచి లాగేస్తారు. చూస్తూండగానే నీరు ఆవిరవుతుంది; పిండి ఉడికి, కాగితంకన్నా పలుచని పొరగా నిలుస్తుంది. అదే రేకు. దానికి నెయ్యి రాసి, బెల్లంపొడో పంచదారో చల్లి మడుస్తారు.

ఓసారి నేనక్కడ గీచి గీచి బేరమాడాను. ఆ ఇల్లాలు కోప్పడలేదు. "ఒక్క రేకు మీరు తీయండి మేష్టారూ" అని గుడ్డ చేతికిచ్చింది. 35 ఏళ్ళు సుద్దముక్క పట్టిన చెయ్యి! మొదటి రేకు చిరిగింది. రెండోది మాడింది. మూడోదానికి వేళ్ళు చురుక్కుమన్నాయి. పొగకు కళ్ళు తుడుచుకుంటూ లేచి, అడిగినంతా ఇచ్చేశాను. ఆవిడ నవ్వి, నేను చింపిన రేకులోనే ఇంత బెల్లం వేసి, మడిచి నా చేతిలో పెట్టింది.